మమ్మల్ని ఆపిన జీవరత్నం మాస్టారు

జీవరత్నం మాస్టారు ఇక లేరన్న దుర్వార్త బందరు నుంచి వచ్చినప్పుడు నేను గుడివాడలో, మా షెడ్డులో ఉన్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. నిశ్చేష్టుణ్ణయ్యాను. ముందురోజు సాయంత్రమే ఫోనులో నాకు చీవాట్లు పెట్టిన మనిషి! దుఃఖం కన్నా ముందు భయం వేసింది. కరెంటు కార్లు బాగుచేసే మాకు ఇక దిక్కెవరు?

బందరులో విద్యుత్ పాఠాలు చెప్పి రిటైరైన ఆ గురువర్యులు, మా మీద వాత్సల్యంతో రోజూ బస్సెక్కి వచ్చేవారు. బక్కపల్చని విగ్రహం, కంచుకంఠం. "పెట్రోలు బండి దగ్గర తప్పు చేస్తే చెయ్యి కాలుతుందయ్యా. ఇక్కడ తప్పు చేస్తే మీ ఆవిడకి నేనేం చెప్పాలి?" అనేవారు.

ముందుగా పెద్ద బ్యాటరీ కరెంటును తెంచే ప్లగ్గు పీకి తన జేబులో వేసుకునేవారు. పీకాక కూడా లోపల కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. ఆ కాసేపు మేం ఆగలేమని ఆయనకు తెలుసు. అందుకే అందరికీ టీ తెప్పించి కబుర్లలో పెట్టేవారు. కంపెనీ చెప్పిన సమయం దాటాకే, రబ్బరు గ్లౌజుల్లో గాలి పట్టి చిల్లులు లేవని చూసుకుని, తొడుక్కుని, లోపల కరెంటు మిగల్లేదని మీటరు పెట్టి చూసేవారు.

ఒకసారి నాగాయలంక రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన ఉప్పునీట మునిగిన కారు తెచ్చి, "పెళ్లికెళ్లాలి, త్వరగా కానివ్వండి" అని కేకలేశాడు. మాస్టారు కుర్చీ చూపించారు. "కూర్చోండి బాబూ. మీ పెళ్లి భోజనం కోసం మావాళ్ల దినం భోజనాలు పెట్టించలేను." ఆసామి కూర్చుని టీ తాగాడు.

అంత్యక్రియలైన మర్నాడు షెడ్డు తెరిచాం. నాతోపాటే ఆయన దగ్గర పని నేర్చిన శ్రీను బావ, బానెట్ ఎత్తి, పెద్ద బ్యాటరీ కరెంటు పారే నారింజరంగు తీగలు వెళ్లే పెట్టె మూత విప్పుతున్నాడు. చేతులకు గ్లౌజుల్లేవు. ప్లగ్గు ఉన్నచోటే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"బావా! చెయ్యి తియ్యి!"

ఉలిక్కిపడి వెనక్కొచ్చాడు. "ఏంట్రా ఆ అరుపులు? టీ తాగాకే కదా మొదలెట్టాను!"

ఒళ్లు మండిపోయింది. "టీ తాగితే కరెంటు పోతుందా? ప్లగ్గు పీకావా?"

బావ ప్లగ్గు వైపు చూశాడు. నేలమీద కూలబడ్డాడు.

ఆ మహనీయుడు చెప్పిందంతా మాకు కంఠస్థమే. మమ్మల్ని ఆపడం మాత్రం ఆయన పని అనుకుని నిశ్చింతగా బతికాం. అలాంటి గురుమూర్తికి ఏ మాటలతో అంజలి ఘటించను?

బావ కూర్చున్నచోటి నుంచే తలెత్తి నావైపు చూశాడు. "పీకకపోతే మాస్టారు ఆపేవారు కదరా."

"మాస్టారు లేరు బావా" అన్నాను. సమాధి దగ్గర రాని ఏడుపు మా ఇద్దరికీ అప్పుడొచ్చింది.