డాబా మీద బక్కెట్టు నీళ్లు

కుక్కుటేశ్వరరావు కువైట్‌లో కాంట్రాక్టరట! షర్క్‌లో ఓ ఇంజనీరు ఆఫీసులో మూడేళ్లు టీ కప్పులు కడిగిన మనిషి, పంతొమ్మిది వందల ఎనభై మూడు నాటికి మెడకు టై బిగించి, చంకలో ప్లాన్ల చుట్ట పెట్టుకుని జహ్రాలో దిగాడు. అక్కడ పనివాళ్లంతా బాబా అని పిలిచే ఓ కువైటీ యజమాని కొత్త ఇల్లూ, దాని ముందు నాలుగు దుకాణాలూ కట్టించాలని చూస్తున్నాడు.

ఆ బాబా కారు తోలేది చిన్నపుల్లయ్య. కడప వైపు పేరున్న బేల్దారి. ఇక్కడా కట్టుబడి పనే అనుకుని విమానమెక్కితే చేతికి స్టీరింగు ఇచ్చారు. ఊరినుంచి తెచ్చుకున్న తాపీ ఏడేళ్లుగా డిక్కీలో గుడ్డ చుట్టుకుని పడుకుంది.

"ఈ కాంట్రాక్టరు మీ భాషవాడేగా. ఇంతకుముందు అతను కట్టిన ఇల్లు చూసి రా. నువ్వు బాగుందంటే పని అతనికే" అన్నాడు బాబా.

కారెక్కగానే కుక్కుటేశ్వరరావు గాలం వేశాడు. "ఏమోయ్ పుల్లయ్యా, ఎన్నాళ్లిలా హారన్ కొట్టుకుంటా తిరుగుతావ్? బాగుందని ఒక్క ముక్క చెప్పు, నిన్నే హెడ్ మేస్త్రీని చేసేత్తాను. బాబాతో నే మాట్టాడతాగా!"

చిన్నపుల్లయ్యకు అరచేతులు దురద పెట్టాయి. మళ్లీ తాపీ!

అర్దియాలో అతను కట్టిన ఇల్లు పైకి పెళ్లికూతురిలా ఉంది. చిన్నపుల్లయ్య ఆ సింగారం వంక చూడలేదు. పనిమనిషి గంగులమ్మను బక్కెట్టు నీళ్లడిగి డాబా ఎక్కాడు. వాళ్ల వైపు పనితనం తేల్చేది అలాగే. పోసిన నీళ్లు తూము దారి పట్టాలి.

"వానలే పడని దేశంలో వాటం ఏటోయ్!" అని పకపకా నవ్వాడు కుక్కుటేశ్వరరావు.

చిన్నపుల్లయ్య కుమ్మరించిన నీళ్లు తూము వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా తలుపు దాటి మెట్లు దిగాయి.

కిందనుంచి గంగులమ్మ అరుపు. "అయ్యో అన్నా, మల్లా మెట్లన్నీ నీళ్లేనా! సలికాలం నాలుగు సినుకులు పడినా ఇదే గతి. ఈ ఇంటి దొరసాని మామా నన్ను తిడతాది. దీన్ని కట్టిన మహానుబావుడు యాడన్నా దొరికితే ఈ చీపురుతోనే సన్మానం చేస్తా!"

"ఈడనే ఉండాడు అక్కా, టై కట్టుకోని!"

కుక్కుటేశ్వరరావు గొంతు తగ్గించాడు. "మేస్త్రీ పని గుర్తుంచుకోవోయ్..."

"మర్సిపోలేదు సార్. నీ కింద మేస్త్రీనయితే రేపు ఆ చీపురు నాకూ తగల్తాది. దానికంటే హారన్ కొట్టుకునేదే మేలు."

కాంట్రాక్టరుగారు రెండు చేతులా ప్యాంటు ఎత్తిపట్టుకుని, గంగులమ్మకు ముఖం చాటేస్తూ తడి మెట్లు దిగాడు. ప్లాన్ల చుట్ట జారి నీళ్లలో పడినా వంగి తీసుకునే ధైర్యం లేకపోయింది.

పనికిరాడని చిన్నపుల్లయ్య చెప్పగానే "ఖలాస్" అన్నాడు బాబా. "ఇక ఎవడొచ్చినా ముందు నువ్వు నీళ్లు పోసి చూడు."

తాపీ మళ్లీ డిక్కీలోనే ఉండిపోయింది. దాని పక్కకు ఓ బక్కెట్టు చేరింది.