నాలుగో మూల పిట్ట

పోయిన నెలలో మా నోయిడా అపార్టుమెంట్ల ఎదురు మైదానంలో చేనేత మేళా పెట్టారు. సాయంత్రం నడకకని బయల్దేరిన నాకు ఒక దుకాణంలో తెలుగు మాట వినబడింది, కాళ్ళు అటే తిరిగాయి. చీరాల నుంచి వచ్చిన ఒకావిడ నా ముందు చదరపు గుడ్డ ఒకటి విప్పి పరిచింది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. నడుమ గళ్ళు, చుట్టూ వెడల్పాటి అంచు, మూలకొక పిట్ట. "తేలియా రుమాలు సార్. నూనెలో నానేసిన నూలు, వాసన చూడండి. మన పాత డిజైను. నాలుగు మూలలూ అద్దంలో చూసినట్టు ఉంటాయి, ఒక్క గడి తేడా రాదు" అంది. వాసన చూశాను. తర్వాత గుడ్డను తిప్పుకుంటూ ఒక్కో మూలా చూశాను. నాలుగు పిట్టలూ బుద్ధిగా లోపలికే చూస్తున్నాయి. "ఏం వెతుకుతున్నారు సార్, డ్యామేజీ ఏం ఉండదు" అంది ఆవిడ. డ్యామేజీ ఉంది. అదెక్కడుందో, ఎవరు చేశారో తెలిసినవాళ్ళం ఒకప్పుడు ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే.

మా అమ్మకు అన్న ఒకాయన ఉండేవాడు. చీరాలలో మగ్గం చప్పుడు మధ్య పుట్టి పెరిగి, నడివయసులో ఢిల్లీ వచ్చి, ఒక చేనేత సంస్థలో చిటికి కట్టడం నేర్పే ఉద్యోగం చేశాడు. నూలును నేయకముందే, రంగు అంటకూడని చోటల్లా దారంతో బిగించి కట్టి అద్దడాన్ని చిటికి అంటారు. బొమ్మ మగ్గం మీద పుట్టదు, ముందే నూలులో దాక్కుని ఉంటుంది. రిటైరయ్యాక కూడా మామయ్య కటవారియా సరాయ్‌లో రెండు గదుల్లోనే ఉండిపోయాడు. ఆ మేడ మీదనే ఒక గదిలో నేను. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. ఇంటర్ తప్పి ఢిల్లీ చేరిన నాకు అప్పటికి ముప్ఫై దాటాయి. సాకేత్‌లో ఒక కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళ మీది చిరునామాలు సరిచూడటం నా ఉద్యోగం. తప్పు కనబడితే దిద్దాలి. దిద్దడం నాకు అలవాటుగా మారిందో, ఆ అలవాటు ఉందనే ఉద్యోగం ఇచ్చారో చెప్పలేను.

మిగతా సమయమంతా లైబ్రరీలోనే. నన్ను దారిలో పెట్టే గురువెవరూ లేరు గనుక అలమర వరుసన చదివేవాణ్ణి. తేనెటీగల పెంపకం అయ్యాక వంతెనల నిర్మాణం, దాని తర్వాత కంటి జబ్బులు. మా వీధి మొత్తం ఏదో ఒక పరీక్షకు చదివే పిల్లలే. పక్కగదిలోని బిహారీ కుర్రాడు ఒకరోజు నా చేతిలో లావుపాటి పుస్తకం చూసి "భయ్యా, ఆప్ కౌన్ సా ఎగ్జామ్ దే రహే హో?" అని అడిగాడు. ఏ పరీక్షా లేదన్నాను. "తో పఢ్ క్యోం రహే హో?" అని, మరెందుకు చదువుతున్నట్టని నిజంగానే జాలిపడ్డాడు. ఆ ప్రశ్నను నేను చాలాకాలం ఒక బిరుదులా మోశాను. పరీక్ష లేకుండా చదివేవాడు మా వీధి మొత్తానికి నేనొక్కణ్ణే కదా అని.

మామయ్య దగ్గర వాళ్ళ నాయన, అంటే మా తాతయ్య, నేసిన రుమాలు ఒకటి ఉండేది. తాతయ్య రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవట. మిగిలింది ఈ ఒక్కటే. అదీ శిథిలం. నలుపు రంగులో ఇనుప తుప్పు కలుపుతారు. ఆ తుప్పే కొన్నేళ్ళకు నూలును తినేస్తుంది. గుడ్డ మడత విప్పితే నల్లటి పొడి రాలేది. ఇంకోపక్క మామయ్యకు నీటికాసులు, డాక్టర్ల మాటలో గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదని చెప్పేశారు. గుడ్డ ముందు రాలిపోతుందో, చూపు ముందు పోతుందో తెలియని పందెం అది. రెండూ మిగిలి ఉండగానే ఆ బొమ్మను గడి గడిగా గ్రాఫు కాగితం మీదికి ఎక్కించి చీరాల పంపితే, అక్కడ మగ్గం మీదే ఉన్న ఆయన తమ్ముడు, మా చిన్న మామయ్య, దాన్ని మళ్ళీ నేస్తాడు. పెద్దాయన కోరిక అంతే.

మొదట్లో పిల్లల రంగు పెన్సిళ్ళతో మొదలుపెట్టాడు. వాటి మైనం మెత్తన. నాలుగు గళ్ళు నింపేసరికి మొన మొద్దుబారి పక్క గడిలోకి పాకేది. స్కెచ్ పెన్నులేమో కాగితం వెనక్కి ఊరేవి. అప్పుడు నా లైబ్రరీ అక్కరకొచ్చింది. పటాలు గీసేవాళ్ళ పనిముట్ల గురించిన ఒక పాత పుస్తకంలో, సన్నపని కోసం గట్టి మొన ఉన్న రంగు పెన్సిళ్ళు వేరే ఉంటాయని చదివాను. నయీ సడక్‌లో పుస్తకాల, కాగితాల దుకాణాల వెంట మూడు శనివారాలు తిరిగాను. "బచ్చోం కే లియే చాహియే?" అని అడిగిన ప్రతి దుకాణదారుడి దగ్గరా పిల్లల కోసం కాదని మొదలుపెట్టి మొత్తం చెప్పుకొచ్చేవాణ్ణి. చివరికి ఒక ముసలాయన నిచ్చెనెక్కి, దుమ్ము పట్టిన పన్నెండు పెన్సిళ్ళ డబ్బా దించాడు.

ఆ పెన్సిళ్ళ తీరే వేరు. వేలి మీద గుచ్చితే సూది అనిపించేది. బ్లేడుతో చెక్కి, గరుకు కాగితం మీద తిప్పుతూ నూరితే మొన వెంట్రుకలా వచ్చేది, ఒక వరుసంతా నింపినా మొద్దుబారేది కాదు. అయితే రంగు తేలిక. ఒక్కసారికి ఎరుపు ఎరుపనిపించదు. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, మూడోసారి ఐమూలగా తేలిగ్గా పోనివ్వాలి. తొందరపడి నొక్కితే రంగు పెరగదు, కాగితం మీద గాటు పడుతుంది. ఆ గాటును ఏ రబ్బరూ చెరపలేదు. మామయ్య మొదటి గడి నింపి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసి, "ఒరే అల్లుడూ, నీ చదువు ఎందుకూ పనికిరాదనుకున్నా గదరా ఇన్నాళ్ళూ" అన్నాడు. నాకు దక్కిన పట్టా అదే. డబ్బాలో ఎరుపు, నలుపు తప్ప మిగతా పది పెన్సిళ్ళూ చివరిదాకా కొత్తగానే ఉండిపోయాయి.

కొన్నాళ్ళకు గళ్ళు నింపడం మామయ్య వల్ల కాలేదు. పని పంచుకున్నాం. భూతద్దం పెట్టుకుని గుడ్డను ఆయన చూసేవాడు, కాగితం మీద నేను నింపేవాణ్ణి. "నలుపు మూడు, తెలుపు ఒకటి, ఎరుపు రెండు" అని ఆయన చెబుతుంటే నేను ఊఁ కొట్టాలి. లెక్క చెప్పేటప్పుడు వేరే మాట మాట్లాడకూడదు, అది చిటికి కట్టేవాళ్ళ ఆచారం. మధ్యలో మాట పడితే ముడి తప్పుతుంది. అందుకని మా ఆదివారాలు ఆ ఒక్క జపంతో గడిచేవి. "మామా అల్లుళ్ళు పిట్టలకు రంగులేసుకోండి, గ్యాస్ బండ నేనే మోసుకొస్తాలే మూడంతస్తులూ" అని అత్త వంటింట్లోంచి వేసే దెబ్బలకు కూడా మేం జవాబు చెప్పేవాళ్ళం కాదు. చెప్పిన మేరకు నూలు చేతిలోనే పొడయ్యేది. లెక్కపెట్టడమంటేనే ముట్టుకోవడం కదా. ఒక వరుస కాగితం మీదికొస్తే, గుడ్డ మీద ఆ వరుస లేనట్టే.

ఒకసారి అంచులో ఆయన లెక్క తప్పు చెప్పాడు. నేను పట్టుకున్నాను. మళ్ళీ చూసి "అవున్రా, రెండు కాదు మూడు. చదివినోడివి, ఇట్టాంటివి ఉంటే నువ్వే చూసుకో" అన్నాడు. ఆ చివరి మాటను నేను దాచుకున్నాను.

మూడు మూలలయ్యాయి. మూడింటిలోనూ పిట్ట రుమాలు నడిమికి చూస్తోంది. నాలుగో మూల మొదలుపెట్టాం. ఆయన చెప్పినట్టే మూడు ఎర్ర గళ్ళు నింపాను. ముక్కు అటు రావలసింది ఇటు వస్తోంది. నా చెయ్యి ఆగింది. అంతకుముందే చేనేత గురించి ఒక పుస్తకం చదివి ఉన్నాను. నూలును మడతలు పెట్టి కడతారనీ, అందుకే నాలుగు మూలల్లోనూ ఒకే బొమ్మ అద్దంలోలా వస్తుందనీ అందులో ఉంది. మామయ్య చూపే మోసం చేస్తోంది, పాపం, అనుకున్నాను. ఆపి అడిగితే చిన్నబుచ్చుకుంటాడు, పైగా లెక్క మధ్యలో మాట్లాడకూడదు. రబ్బరు తీసుకుని ఆ మూడు గళ్ళ మీదా తిప్పాను. మొదటి మూలను చూసుకుంటూ నాలుగో పిట్టను నేనే నింపేశాను. తేడా వచ్చినవి మొత్తం పదకొండు గళ్ళు. ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఆయన ఒళ్ళో ఆ మూల నల్లగా రాలిపోయింది. చెరిపిన మూడు గళ్ళలో మాత్రం గాట్లు ఉండిపోయాయి, లేత గులాబీ మరకతో. నాకే కనబడేంత.

గ్రాఫు చీరాల వెళ్ళింది. మా ఆఫీసు కొరియర్‌లోనే, చిరునామా నేనే రెండుసార్లు సరిచూసి పంపాను. చిన్న మామయ్య నూలు సిద్ధం చేసి, కట్టి, అద్ది, నేసి పంపేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆలోగా మామయ్యకు చూపు పూర్తిగా పోయింది. పార్సిల్ అత్త విప్పింది. ఆయన రుమాలును ముఖానికి అద్దుకుని నూనె వాసన పీల్చాడు. అంచులు వేళ్ళతో కొలిచాడు. అప్పుడడిగాడు.

"అల్లుడూ, నాలుగో మూల పిట్ట వెనక్కి చూస్తోందా?"

నేను గుడ్డ తిప్పి ఆ మూల వెతికాను. ఆయనే అందుకున్నాడు. "మా నాయన గుర్తురా అది. చిటికి మడత మీద కడతాం గదా. చెయ్యి తప్పితే నాలుగు మూలల్లోనూ తప్పాల. ఒక్క మూలే తిరిగిందంటే మడత విప్పి, ఆ కాస్తా విడిగా కట్టాడన్నమాట. ఎంత పనో! వెయ్యి రుమాళ్ళలో పడేసినా ఆ పిట్టని చూసి ఇది మా నాయనదని చెప్పేస్తా."

"ఎందుకు తిప్పాడు మామయ్యా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక.

"అడగాలనుకునేలోపే పోయాడు. అది సరే, చూస్తోందా లేదా?"

మడత సంగతి నేను చదివిందే. అదే వాక్యం, అదే పుస్తకం. ఆ వాక్యాన్ని ఒక అడుగు ముందుకు నడిపిస్తే తాతయ్య కనబడేవాడు. నేను అక్కడే ఆగిపోయి పుస్తకం మూసేశాను. కంటి జబ్బుల పుస్తకమూ అంతే. ఆ జబ్బులో చూపు అంచుల నుంచి మూసుకొస్తుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. భూతద్దం కింద ఆయన చూసిందంతా సరిగానే చూశాడు. ఇవన్నీ తెలిసి కూడా "చూస్తోంది మామయ్యా, వెనక్కే" అన్నాను.

ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఇంక ఫర్లేదు" అన్నాడు. పక్కన అత్త రుమాలు కేసి చూసింది, నా కేసి చూసింది. "పిట్టలు ఎటైనా పోనీయండి, పప్పు చల్లారిపోతోంది, రండి" అంది. నేను వెళ్ళేటప్పుడు మెట్ల దాకా వచ్చి, గొంతు తగ్గించి, "నాలుగూ లోపలికే చూస్తున్నాయి గదయ్యా" అంది. తల ఊపాను. "ఆయనకి చెప్పబాక" అని కొంగు సర్దుకుని లోపలికి పోయింది. నేను చెప్పలేదు. అది ఆవిడ మాట మన్నించడమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

రెండేళ్ళకు మామయ్య పోయాడు. ఆ తర్వాతైనా చిన్న మామయ్యకు ఒక ఉత్తరం రాయవచ్చు. ఒక మూల మడత విప్పి కట్టమని రాస్తే చాలు. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఒకే చోట ఆగాను. పిట్ట వెనక్కి చూసేదని తెలుసు. మెడ ఎన్ని గళ్ళు వంగిందో, ముక్కు ఏ వరుసలో మొదలైందో తెలియదు. ఆయన ఆ లెక్కంతా నాకు వినబడేలా చెప్పాడు, నేను ఊఁ కూడా కొట్టాను, ఒక్క అంకె గుర్తులేదు. నేను గీసి పంపితే అది నా పిట్ట అవుతుంది. అలా ఊరుకుంటుండగానే అత్త కూడా పోయింది, ఆ గ్రాఫుకు కలర్ జెరాక్సులు తీసి నలుగురు నేతగాళ్ళు పంచుకున్నారని కబురొచ్చింది. అసలు కాగితం ఒక తుపానులో మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చి నానిపోయిందట. ఆ గాట్లు ఒక్క అసలు కాగితం మీదే ఉన్నాయి. నకలులోకి గాట్లు రావు.

మేళాలో ఆవిడ ఇంకా నా కేసే చూస్తోంది. "ఇది నూరేళ్ళ నుంచీ ఇట్టాగే నేస్తున్నాం సార్, మా మావగారు చెప్పేవారు" అంది, నన్ను నమ్మించాలని. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. తాను విన్నది చెబుతోంది. నా నోటిదాకా వచ్చిన మాటను ఎప్పటిలాగే మింగేసి రుమాలు కొనుక్కున్నాను. ఇప్పుడది నా పుస్తకాల అలమర మీద ఉంది, పక్కన ఆ పెన్సిళ్ళ డబ్బా. ఎరుపు, నలుపు అరిగి వేలెడు ముక్కలయ్యాయి. పది రంగులు ఇంకా ఎవరి కోసమో సూదుల్లా నిలబడి ఉన్నాయి. ఆ మూడు గళ్ళ మీద రబ్బరు తిప్పడానికి ఆ రోజు నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఇరవై ఏళ్ళయింది, ఆ అర నిమిషం ఇంకా అయిపోలేదు.