మిట్టమధ్యాహ్నపు దయ్యం

ఆ వయసులో నాకు దయ్యాలంటే భయం ఉండేది కాదు. చెప్పిన ధరకే కొనుక్కుని నవ్వుతూ ఇంటికెళ్ళే మనుషులను చూస్తేనే ఒళ్ళు జలదరించేది. అనంతపురం పాతూరులో మా నాయనది బట్టల అంగడి, దానికి ఎదురుగా మా మేనమామది చీరల అంగడి. నేను నడక నేర్చింది ఆ రెండు అంగళ్ళ మధ్య, మాటలు నేర్చింది బేరంలో. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం వచ్చేదాకా అంటూ (అది ఇంకా రాలేదు) నాయన పక్కన కూర్చున్న ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిది ఏదీ లేదు. ఆ ధీమాలో పావు వంతు ఇప్పుడు ఎక్కడైనా దొరికితే బేరమాడకుండా తెచ్చుకుంటాను.

హైస్కూల్లో మాకు తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు మా వీధి వర్తకులను పోగేసి ఒక నాటక బృందాన్ని నడిపేవారు. ఆయన స్వయంగా రాసిన విషాద నాటకం ఒకటుండేది. సేనాపతి చేసిన ద్రోహానికి బలైన రాజు దయ్యమై వచ్చి, పగ తీర్చమని కొడుకును అడుగుతాడు. కొడుకు ఒప్పుకుంటాడు. చివరికి ఆ కొడుకుతో సహా ఆరుగురు పోతారు. కొడుకు వేషం నాది. దయ్యం మా మామ. ఆరడుగుల మనిషి, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు, అన్నీ దయ్యానికి సరిగ్గా సరిపోయేవే. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన దగ్గర చీర కొనని ఇల్లు లేదు. మొదటి ఏడాది రాప్తాడులో ఆడితే, దయ్యం తెర వెనక నుంచి రాగానే ముందు వరసలో ఒకావిడ, ఆ ఎర్రంచు చీర వచ్చిందా అన్నా అని అడిగింది. అంతే. అక్కడ మొదలైన నవ్వు ఆగలేదు. చివర్లో మేము ఒక్కొక్కరం చచ్చిపోతుంటే జనం గట్టిగా లెక్కపెట్టారు.

దయ్యాన్ని తీసేసి, కొడుక్కి ఏదో పాత ఉత్తరం దొరికినట్టు రాస్తే పోదా అని మేమందరం అయ్యవారికి నచ్చజెప్పబోయాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "దయ్యాన్ని తీసేస్తే అది విషాదం కాదప్పా, ఆస్తి తగాదా. దానికి నాటకమెందుకు, కోర్టు ఉండాది గదా" అన్నారు. ఆ తర్వాత ఒక గంటసేపు పాఠం. ఉత్తరం దొంగదని తేల్చవచ్చు, సాక్షికి అడ్డు ప్రశ్నలు వేయవచ్చు. చచ్చినవాడు వచ్చి చెప్పినదాన్ని నిజమని నిరూపించలేరు, అబద్ధమని వదిలేయనూ లేరు. దాన్ని విన్న క్షణం నుంచి ఆ కొడుకు ఒక కాలు అవతలి లోకంలో పెట్టినట్టే. పాత విషాదాలన్నిటిలో దయ్యమో జోస్యమో శాపమో ఉండేది అందుకే. నేను అంతా విని నా పాండిత్యం నేను చూపించాను. ఆ నాటకాల్లో రాజులంతా నాశనమైపోయేది దయ్యం వల్ల కాదని, చెప్పిన ధరకే ఒప్పుకోవడం వల్లనని, ఒక్కడైనా నావల్ల కాదని లేచి నాలుగడుగులు వేసి ఉంటే కథ వేరుగా ఉండేదని. మరుసటి రోజు ఆ నడక నాటకంలోకి వచ్చేసింది. కొడుకు నావల్ల కాదంటాడు, వెనుదిరిగి ఐదడుగులు వేస్తాడు, దయ్యం మాట్లాడదు, ఐదో అడుగులో కొడుకు తనంతట తానే వెనక్కి వస్తాడు.

మా వీధిలో కొననని లేచిపోయే మనిషిని మూడో అడుగులో పిలవాలి. రెండో అడుగులో పిలిస్తే అంగడివాడు లోకువ, నాలుగో అడుగైతే ఆ మనిషి పక్క అంగట్లో ఉంటాడు. మామ ఈ పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు. రెండో ఏడాది బుక్కరాయసముద్రంలో నేను రాకుమారుడి ఠీవితో మూడో అడుగు వేశానో లేదో, వెనక నుంచి చచ్చిపోయిన మహారాజు, "రాప్పా, రా. అట్ల పోతావేమి? నీ మాట ఒకటి చెప్పు" అన్నాడు. హాలు హాలంతా పొట్టలు పట్టుకుంది. (నేను వెనక్కి తిరిగి నా ధర చెప్పబోయాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.)

మూడో ఏడాది రాయదుర్గంలో నాటక పోటీలు. బయలుదేరే ముందు అయ్యవారు మా అంగడికి వచ్చి, మడత పెట్టిన చీరల వైపు చూస్తూ అన్నారు. "ఒక్క హాలు, ఒక్కసారి ఆ దయ్యాన్ని నమ్మితే చాలునప్పా. ఈసారీ నవ్వినారంటే ఇంక నేను రాసేది అంగడి బోర్డులే." ఆ మాటలో కోపం లేదు, అదే నాకు గుచ్చుకుంది. మూడు వారాలు మామకు తర్ఫీదు ఇచ్చాను. మూడో అడుగులో పిలుపు రావడం మాత్రం మానలేదు. "నోరు దానంతట అదే లేస్తాంది అల్లుడా" అని మామ దిగులుపడేవాడు. చివరికి, ఆయన పిలిచేలోపే ఐదడుగులూ పరుగెత్తేయాలని నిశ్చయించుకున్నాను.

చీటీల్లో మాకు మధ్యాహ్నం రెండు గంటల సమయం వచ్చింది. రేకుల హాలు. జీన్సు ప్యాంట్లు కుట్టేవాళ్ళు, అంగళ్ళవాళ్ళు అన్నాలు తిని ఫ్యాను గాలికోసం వచ్చి కూర్చున్నారు. కిటికీలకు తెరలు లేవు. ఆ ఎండ వెలుగులో దయ్యం బూడిద రంగు శాలువా కప్పుకుని వచ్చి నిలబడితే, ముఖాన పౌడరు చెమటకు చారలు చారలుగా కారుతోంది. దయ్యానికి చెమటలు పడతాండాయి సూడు అని ఎవరో అన్నారు. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకింది. పక్కన తెర తాడు పట్టుకుని నిలబడిన అయ్యవారు కళ్ళు మూసుకున్నారు.

దయ్యం పగ అడిగింది. నావల్ల కాదని తిరిగాను. పరుగెత్తాలన్న సంగతి మరిచిపోయాను. ఒకటి. రెండు. వచ్చినవాళ్ళంతా మా బాపతు మనుషులే కదా, వాళ్ళూ నా అడుగులు చూస్తున్నారు. "ఇప్పుడు పిలుస్తాడు సూడు" అంది ఒక గొంతు. మూడు. పిలుపు లేదు. నాలుగు. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ నాలుగో అడుగు వేయనివ్వలేదు. ఐదు. ఆ రేకుల కింద, ఆ ఎండలో, నా మెడ వెనక చల్లబడింది. హాల్లో నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు, ఫ్యాను రెక్కల చప్పుడొక్కటే వినిపిస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే మామ నన్ను చూడటం లేదు. నేను ఇంతకుముందు నిలబడిన చోటునే చూస్తున్నాడు, నేనింకా అక్కడే ఉన్నట్టు. రాకుమారుడి సమాసాలన్నీ ఎగిరిపోయాయి. నడిచి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, శాలువా అంచు పట్టుకుని, "ఏం జేయమంటావో చెప్పు నాయనా" అన్నాను.

ఆ తర్వాత ఆరుగురం పోయాం. ఒక్కరూ లెక్కపెట్టలేదు. నేను పోయేటప్పుడు మూడో వరసలో ముక్కు చీదిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది (పోతున్నవాడికి అన్నీ వినబడతాయి). మొదటి బహుమతి మాదే. అయ్యవారు తన కండువాతో మామ ముఖం మీది పౌడరు తుడిచారు.

తిరుగు బస్సులో, ఎట్లా ఆపుకున్నావు మామా అని అడిగాను. "పిలుద్దామనే నోరు తెరిచినా. మూడడుగుల దాకా నువ్వు చెవులు ఎనక్కి పెట్టే పోయినావు. అంతలో పిలుపు రాలేదని నీ భుజాలు దిగిపోయినాయి. అరె, వీడికిది నిజంగా కావల్ల అనిపించింది. కావల్సినోన్ని పిలుస్తారా అల్లుడా? ఊరికే నిలబడితే వాడే వస్తాడు" అన్నాడు. ముందు సీట్లోని అయ్యవారు గబగబా నాటకం పుస్తకం తీసి, ఆ కుదుపుల్లోనే అంచున ఏదో రాసుకున్నారు. తర్వాత చూశాను: దయ్యం అడిగే పగ, దయ్యం రాకముందే కొడుకు మనసులో ఉండాలి.

ఆ రోజు న్యాయనిర్ణేత వేదిక మీద నన్ను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. తండ్రి శాలువాను ఆ కుర్రవాడు వేళ్ళతో తడిమిన తీరులో పితృశోకమంతా ఉందన్నారు. ఏళ్ళ తరబడి నేను ఆ మాట మీదే బతికాను. పోయిన నెల రాయదుర్గం మిత్రుడొకాయన, అప్పట్లో ఫోనులో తీసిన ఆ దృశ్యం దొరికిందని పంపాడు. అంగట్లో అందరినీ పిలిచి మరీ గర్వంగా చూపించాను. మసక బొమ్మలో ఇరవై రెండేళ్ళ సన్నటి కుర్రాడు, కళ్ళ వెంట ధారలు, నిజంగానే ఏడుస్తున్నాడు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. శాలువా అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతూ, అది ఊలుదా కాదా అని చూస్తున్నాడు. పనివాళ్ళు నవ్వారు, మా ఆవిడ నవ్వింది, చివరికి నేనూ నవ్వాను. అందరూ వెళ్ళాక ఇంకోసారి చూసుకున్నాను. మడత జారిన తీరు చూస్తే అది పాలిస్టరే. ఆ సంగతి ఆ కుర్రాడి వేళ్ళకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది, అయినా వదల్లేదు.