మంచు లేకుండా తెచ్చిన నీళ్లు

పొద్దున్నే ల్యాబుకు వచ్చి ఇంక్యుబేటర్ తలుపు తీయగానే వెచ్చని పులిసిన వాసన ముఖానికి కొడుతుంది. ప్లేట్లలో పెరిగిన బ్యాక్టీరియా వాసన అది. కొత్తగా చేరిన అమ్మాయిలు ముక్కు మూసుకుని పక్కకు జరుగుతారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే శకుంతల మేడం గుర్తుకొస్తారు. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె పేరు ఏ పేపర్లోనూ రాలేదు, ఆమెకెవరూ శాలువా కప్పలేదు. బేగం బజార్‌లో మిర్చి, ధనియాలు టోకున అమ్మే ఇంట్లో పుట్టి, పెద్దలు వద్దన్నా సూక్ష్మజీవుల చదువు చదివిన మనిషి. ఐదడుగులు కూడా లేని ఆమె, స్టూలు వేసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మాత్రం ఎవరైనా వచ్చి గొంతు తగ్గించి మాట్లాడవలసిందే.

జనగామ దగ్గరి ఊరి నుంచి డిగ్రీ పట్టుకుని నేను ఆమె ముందు నిలబడింది పదకొండేళ్ల కింద. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో, నీళ్లు పరీక్ష చేసే ఒక ప్రైవేటు ల్యాబు అది; అక్కడి రిపోర్టుల మీద సంతకం ఆమెదే. ఇంటర్వ్యూ అంటే ఏవో ప్రశ్నలు ఉంటాయనుకున్నాను. ఆమె నా చేతిలో క్రిములను పెంచే ఒక ప్లేటు పెట్టి ఏం కనబడుతుందో చెప్పమన్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ లేదన్నాను.

"ఏం లేదనకు. ఈ ప్లేటు మీద ఏం మొలవలేదని చెప్పు. రెండూ ఒకటేనా?"

నాకు అర్థం కాలేదు. అయినా ఔనన్నట్టు తల ఊపాను. అర్థం కాకుండా తల ఊపొద్దని ఆ రోజే మొదటిసారి తిట్లు తిన్నాను. ఉద్యోగం కూడా ఆ రోజే దొరికింది.

మూడో ఏడు వేసవిలో కోస్తా నుంచి ఒక పెట్టె వచ్చింది. రొయ్యలు శుభ్రం చేసి ఎగుమతి చేసే కంపెనీ ఒకటి, సముద్రంలో కలిసే ఏటి ఒడ్డున ఉంది. ఏటి నీళ్లనే తోడి వాడుకుని, వాడిన నీళ్లు మళ్లీ ఏట్లోకే వదులుతుంది. ఆ ఒడ్డున పీతలు పట్టే ఇద్దరు మనుషులు కాళ్లు వాచి, రెండు రోజుల్లోనే చనిపోయారు. ఊరివాళ్లు ఏటి నీళ్లు చెడ్డాయని గేటు ముందు కూర్చున్నారు. నీళ్లలో హానికరమైనవి ఏవీ లేవని కంపెనీకి ఒక కాగితం కావాలి. మురుగు కలిసిందో లేదో చూసే మామూలు పరీక్ష ఒక్కటే అడిగారు. చేశాం. మురుగు ఆనవాళ్లు పెద్దగా లేవు.

మేడం అక్కడితో ఆగలేదు. నీటిలో ఉప్పు ఎంతుందో కొలిచారు. అది ఏటి నీరు కాదు, సగం సముద్రం. వానలు లేక ఏరు చిక్కిపోతే ఆటుపోట్లతో సముద్రం లోపలికి ఎక్కి వస్తుందనీ, ఆ వెచ్చని ఉప్పునీటిలో కలరా క్రిమికి దగ్గరి చుట్టాలు పెరుగుతాయనీ, వాటిలో ఒకటి చిన్న గీత పడిన చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగి మనిషిని తినేస్తుందనీ నాకు ఆ రోజు చెప్పారు. ఆ జాతి పేరు విబ్రియో. దాన్ని పెంచే ఆకుపచ్చ జెల్లీని వేరే ప్లేట్లలో పోయించి, వాటి మీద ఆ నీటి చుక్కలు వేయించారు. మర్నాడు తీసి చూస్తే వాటి మీద ఒక్క చుక్కా లేదు.

ల్యాబు యజమాని హిమాయత్‌నగర్ నుంచి స్వయంగా వచ్చాడు. అడగని పరీక్షలు కూడా చేశారు, వాటిలోనూ ఏమీ రాలేదు, ఇంకేం కావాలి, సంతకం పెట్టండి అన్నాడు. ఆమె పెట్టె మూత తీసి, అడుగున కరిగి నిలిచిన మంచు నీళ్లు చూపించారు.

"ఈ బాటిళ్లు మంచుల వచ్చినయి సార్. విబ్రియోకు చలి పడదు, ముడుచుకుని పండుకుంటది. పండుకున్నదాన్ని సచ్చిందని నేను రాయ."

ఆయన కోపంతో వెళ్లిపోయాడు. ఆమె రెండు రోజుల సెలవు చీటీ రాసి, నన్నూ ఒకటి రాయమన్నారు. ఆ సాయంత్రమే నాంపల్లిలో రైలెక్కాం.

ఏటి ఒడ్డున మాకు కనబడిన మొదటి మనిషి ముత్యాలమ్మ. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి పీతల వల లాగుతోంది. చనిపోయిన ఇద్దరిలో ఒకరు ఆమె చెల్లెలు. కాలికి గవ్వ గీసుకుందట. గోరంత గాయం. సాయంత్రానికి కాలు నల్లబడి బొబ్బలెక్కిందట. మేం హైదరాబాద్ ల్యాబు నుంచి వచ్చామని వినగానే ఆమె వల వదిలేసి ఒడ్డుకు వచ్చింది.

"మీరేనంట గదమ్మా, నీళ్లు మంచియ్యని రాసిచ్చింది. గేటుకాడ కంపెనీవోళ్లు చదివి వినిపించారు. మరి మా చెల్లెలెట్టా పోయింది?"

ఆ రిపోర్టు అప్పటికింకా సంతకం లేకుండా మా బల్ల మీదే ఉంది. మేడం ముఖంలో నేనెన్నడూ చూడని ఎరుపు చూశాను. తాను ఏమీ రాయలేదనీ, చూసి కానీ రాయననీ ఆమెకు చెప్పారు. తర్వాత చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నీళ్లలోకి నడవబోతే, కాళ్లకేమైనా దెబ్బలున్నాయేమో చూసుకోమని ముత్యాలమ్మే ఆపింది. అప్పటికే ఆ ఊరికి ఆ పాఠం తెలిసిపోయింది. చేతులకు తొడుగులు వేసుకుని, పడవలోంచి, సముద్రం పోటెక్కిన వేళ ఆరు చోట్ల నీళ్లు పట్టాం. మంచు పెట్టలేదు. తడిగుడ్డ చుట్టిన పెట్టెను దారి పొడవునా ఎండ తగలకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఈసారి ప్లేట్లు తీస్తే ఆకుపచ్చ మీద ముదురాకుపచ్చ చుక్కలు, లెక్కపెట్టలేనన్ని. మరో ల్యాబులో కూడా చూపించి, అవి విబ్రియోనేనని రూఢి చేసుకున్నాం. యజమాని మాత్రం ఆ నీళ్లు కంపెనీ పంపినవి కావు కనుక ఆ ఫలితం ల్యాబుది కాదన్నాడు. పాత రిపోర్టు మీద సంతకం పెడితే ఉద్యోగం, లేకపోతే లేదన్నాడు. మేడం తన తెల్లకోటు విప్పి, మడతపెట్టి, ఆయన కుర్చీ మీదే పెట్టి బయటికి నడిచారు.

ఆ మధ్యాహ్నం అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో, గోడవారగా ఉన్న బల్ల మీద, చుట్టూ జనం తోసుకుంటుంటే ఆమె రెండు ఉత్తరాలు రాశారు. జిల్లా ఆరోగ్యాధికారికి ఒకటి, ముత్యాలమ్మ ఊరికి ఒకటి. ఊరికి రాసినది తేట తెలుగులో: ఒంటి మీద గాయం ఉంటే ఏట్లో దిగొద్దు, దిగాక కాలు వాస్తే రేపటిదాకా ఆగొద్దు, దవాఖానలో ఉప్పునీళ్లలో దిగామని ముందే చెప్పండి. కింద సంతకం పెట్టి కవరు అంటించబోతుంటే నేను చేయి పట్టుకున్నాను. ప్లేట్లు వేసింది నేను కదా, నా పేరూ ఉండాలన్నాను. ఇంటికి నా జీతమే ఆధారమని ఆమెకు తెలుసు.

"భయమైతలేదా?"

"అయితాంది మేడం."

"అయితే అయింది. చెయ్యి వణికినా సంతకం సంతకమే. పెట్టు."

పెట్టాను. నా ఉద్యోగమూ పోయింది. ఇప్పటి ల్యాబులో చేరేదాకా ఎనిమిది నెలలు ట్యూషన్లు చెప్పి బతికాను. ఆరోగ్యాధికారి నుంచి జవాబు లేదు. మీరు అంత పట్టుపట్టి ఏం సాధించారని ఒకసారి ఆమెను నిష్ఠూరంగా అడిగాను కూడా. అబద్ధం మీద తన పేరు లేకపోవడం చిన్న సంగతి కాదన్నారు, అంతే. మరుసటి వేసవిలో ముత్యాలమ్మ ఫోన్ చేసింది. ఆమె మరిదికి కాలు వాస్తే ఆ ఉత్తరం పట్టుకుని అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లారట. డాక్టరు చదివి వెంటనే మందు మొదలుపెట్టాడట. మనిషి దక్కాడు. ఆ డాక్టరే పైకి రాస్తే అధికారులు కదిలారు, నీళ్లు పట్టుకెళ్లారు, ఒడ్డున హెచ్చరిక బోర్డు పాతారు. కంపెనీ మూతపడలేదు. వాడిన నీళ్లను శుద్ధి చేయకుండా వదలడం మాత్రం ఆగింది.

శకుంతల మేడం పోయి రెండేళ్లవుతోంది. చివరిదాకా నాంపల్లిలోని తన రెండు గదుల ఇంట్లో, ఫీజు కట్టుకోలేని ఆడపిల్లలకు మైక్రోస్కోపు పట్టడం నేర్పారు. ఆమె గురించి కళ్లు తుడుచుకుంటూ రాయడం నాకు ఇష్టం లేదు, ఆమెకూ నచ్చదు.

ఏటేటా వేసవిలో వానలు వెనకబడితే నేను రెండు రోజులు సెలవు పెట్టి రైలెక్కుతాను. ముత్యాలమ్మ పడవ తీస్తుంది. కంపెనీ గోడ పక్కకు వెళ్లగానే కాపలావాడు కర్ర పట్టుకుని ఒడ్డు దాకా వచ్చి, ఎవరు పంపితే వచ్చారని అరుస్తాడు. ఎవరూ పంపలేదని చెప్పి, వంగి బాటిల్ ముంచుతాను.