ఎత్తుకోలేని పిల్ల

మా అమ్మాయికి ఏడాది నిండకముందే నా నడుం విరిగింది. పందొమ్మిది వందల అరవైల మొదట్లో మాట. మునగపాకలో మా పుట్టింట్లో కొన్నాళ్లుండి, అనకాపల్లి వస్తున్న చెరకుబండి ముందు భాగాన పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సగం దారిలో ఎదురుగా లారీ హారన్ కొట్టేసరికి ఎడ్లు బెదిరి పక్కకు లాగాయి. బండి గట్టు దిగి బోల్తా పడింది. పిల్ల వరిమడి బురదలో పడింది. ఒంటిమీద గీతైనా పడలేదు. చెరకు మోపులన్నీ నా మీద పడ్డాయి.

విశాఖపట్నం ఆసుపత్రిలో ఛాతీ నుంచి తొడల దాకా పిండికట్టు వేశారు. ఆ వేసవంతా అందులోనే ఉడికాను. కట్టు విప్పినప్పుడు డాక్టరు గారు, "ఎముక అతికింది, నడుస్తావు. బరువు మాత్రం ఎత్తకూడదు," అన్నారు. నొప్పి సంగతి అడిగితే, "ఉంటుందమ్మా," అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. కొన్నాళ్లుంటుంది కాబోలు అనుకున్నాను.

మా ఇల్లు బెల్లం మార్కెట్టుకు దగ్గర. సీజనులో తెల్లారకముందు నుంచే బళ్లు. వీధిలో బండిచక్రం రాయెక్కి దిగిందంటే ఆ అదురు నేల మీదుగా నేను పడుకునే చెక్కబల్లలోకి, బల్లలోంచి వెన్నులోకి వచ్చేది. పడుకుంటే నొప్పి, కూర్చుంటే మరింత నొప్పి. తుమ్ము వస్తుందంటే భయం. ఒకరు పట్టుకుంటే తప్ప దొడ్లోకి వెళ్లలేను. అప్పటికి నాకు ఇరవై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు.

మా ఆయన బెల్లం కొట్లో గుమాస్తా. మొదట్లో సాయంత్రం రాగానే పక్కన కూర్చుని, ఎలా ఉందని అడిగేవారు. ఒకే జవాబు విని విని అడగటం మానేశారు. తరవాత అరుగు మీదే పక్క వేసుకున్నారు. ఆయన్ని అనడానికి లేదు; పక్కన ఎవరు కదిలినా నేనే కేకలు పెట్టేదాన్ని.

నన్నూ పిల్లనీ చూసింది మా తోడికోడలు. ఆమెను అక్కా అనేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. నాకు నీళ్లు పోసేది, జాకెట్టు తొడిగేది, అన్నీ గొణుక్కుంటూనే. పిల్ల ఎప్పుడూ ఆమె చంకలోనే. మాటలొచ్చాక మొదట ఆమెనే "అమ్మా" అంది. అక్క గాభరాపడి, "నాను కాదే! అదిగో, మీయమ్మ అక్కడ," అని నన్ను చూపించింది. పిల్ల ఆమె భుజంలో మొహం దాచుకుంది. గోడవైపు తిరిగి పడుకోవడానికైనా నాకు చేతకాలేదు. మొహం మీద చెంగు కప్పుకున్నాను.

ఒక మధ్యాహ్నం బతిమాలి పిల్లను నా పక్కన పడుకోబెట్టించుకున్నాను. నిద్రలో అది విసిరిన కాలు సరిగ్గా నడుం మీద తగిలింది. నేను అరిచిన అరుపుకు పిల్ల ఉలిక్కిపడి లేచి, బల్ల మీంచి జారి, ఏడుస్తూ వంటింట్లోకి పరుగెత్తింది. ఆ తరవాత చాలా రోజులు నా గది గడప తొక్కలేదు. పిలిస్తే అవతలే నిలబడి, కరిచే కుక్కను చూసినట్టు చూసేది.

తిండి మానేశాను. అక్క తెచ్చిన గంజి గిన్నె పక్కకు నెట్టేశాను.

"నన్నెందుకు బతికించేరక్కా? ఆ సెరుకు కిందే పోయుంటే పిల్లకి నువ్వే తల్లివయ్యుందువు. అందరికీ సుకంగా ఉండును."

తగ్గిపోతుందని, దేవుడున్నాడని అందరూ చెప్పే మాటలే ఆమె కూడా చెబుతుందనుకున్నాను. అక్క నేల మీద కూలబడింది.

"నువ్వు పోతే నానేటి సేత్తాను? ఈ ఇంట్లో నాతో మాటాడే మనిసెవులున్నారు? మీ బావ నోరిప్పడు. పిల్లల్లేరని ఈదిలో ఆడోళ్లు నన్ను పేరంటానికి పిలవరు. నీకు నీళ్లు పోసినప్పుడే కదే నాను నాలుగు మాటలాడేది!"

అంటూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ గొణుగుడంతా నాతో మాట్లాడటమేనని అప్పుడు తెలిసింది. నేను ఒకరికి కావాలన్న మాట విని ఎంతకాలమైందో. గంజి తాగాను.

మర్నాడు పిల్లను తెచ్చి, బల్ల పక్కన పీట మీద వీపు నావైపు ఉండేట్టు కూర్చోబెట్టి, నా చేతికి దువ్వెన ఇచ్చింది.

"నడుంకి దెబ్బ తగిలింది గాని సేతులకేటయింది? పిలకెయ్యి."

పక్కకు ఒరిగి దువ్వాను. సగంలో నడుం పొడిచింది. పళ్లు బిగబట్టాను, అరవలేదు. పిల్ల బిగుసుకుని కూర్చుని, పిలక ముడి పడగానే లేచి పారిపోయింది. పిలక వంకరగా వచ్చింది. ఆ మర్నాడూ అక్క దాన్ని తెచ్చి కూర్చోబెట్టింది.

నొప్పి తగ్గలేదు. ఆ ఏడూ తగ్గలేదు, ఆ తరవాతా తగ్గలేదు. చలికాలం తెల్లవారుజాముల్లో చచ్చిపోతే బాగుండునని ఇంకా అనిపించేది. కాస్సేపటికి దొడ్లో అక్క గొణుక్కుంటూ నీళ్లు కాచే చప్పుడు వినబడితే, ఈ మనిషి లేకపోతే నా గతేమిటని కళ్లు నిండేవి. ఆ రెండూ ఒకే పూట జరిగేవి. ఒకటి రెండోదాన్ని చెరిపేసేది కాదు.

బడికి వెళ్లే వయసొచ్చేదాకా అమ్మాయి ఆమెను అమ్మ అనీ, నన్ను చిన్నమ్మ అనీ పిలిచింది. సరిదిద్దడం నేను మానేశాను. అక్క మాత్రం ప్రతిసారీ దిద్దుతూనే ఉండేది.