పెద్దమ్మ చెప్పిన జిగర్

మొన్న సోమవారం పొద్దున్నే విరూర్ నుంచి ఫోన్ వచ్చింది, మా పెద్దమ్మ పోయిందని. మా నాన్న అన్నగారి భార్య ఆమె. పద్మాపూర్ గనిలో డ్యూటీకి బయల్దేరుతున్న నాకు కాసేపు చెప్పులు వేసుకోవడం కూడా తోచలేదు.

మా చంద్రపూర్ వైపు ధైర్యాన్ని 'జిగర్' అంటాం. ఇంట్లోకి పాము వస్తే మగవాళ్లు కేకలు పెడుతుండగానే పెద్దమ్మ కట్టె పట్టుకుని ముందుకు వెళ్లేది. జిగరున్న మనిషని ఊరంతా అనేది. నా విషయంలో ఆ మాట ఎవరూ వాడలేదు. నేనంత పిరికిదాన్ని.

నాన్న జబ్బుతో పోయాక, బొగ్గు గనిలో ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. నాకు చేయాలని ఉంది, నోరు పెగల్లేదు. ఒక ఆదివారం పెద్దమ్మ ఇంట్లో అందరం కూర్చుంటే చిన్నాయన తేల్చేశాడు.

"ఆడపిల్ల బొగ్గుల ఏం జేస్తది? దీని తమ్మునికి పద్దెనిమిదేండ్లు నిండేదాంక ఆగుదాం."

మా ఇంట్లో మాంసం తెస్తే కార్జాన్ని, అంటే కాలేయాన్ని, ముందే విడిగా తీసి, నిప్పుల మీద కాల్చి మగవాళ్లకే పెడతారు. ఆ రోజు పెద్దమ్మ దాన్ని తెచ్చి నా పళ్లెంలో వేసింది.

"గదేంది వదినె, గది మా వాటా గద?" అని నవ్వాడు చిన్నాయన.

"మా బాపు ఉర్దూ బడిల సదివిండు. జిగరంటే ఫార్సీల కార్జమేనని ఆయనే జెప్పిండు. ధైర్యం మనకు గుండెల ఉంటది, గా ఫార్సీ మాట్లాడెటోళ్లకు గీడ ఉంటదట," అని పెద్దమ్మ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది. "మొగోళ్లకే ఉంటదా కార్జం, ఆడోళ్లకుండదా? తిను బిడ్డా. తిని, నీకేం గావాల్నో నువ్వే జెప్పు."

"నౌకరి నేనే చేస్త చిన్నాయనా," అన్నాను.

"అది చేస్తనంటే దాని పేరే రాయిస్త," అంది అమ్మ వెంటనే. చిన్నాయన మూతి ముడుచుకున్నాడు గానీ, తర్వాత కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ నాతో తిరిగింది ఆయనే.

తమ్ముణ్ణి ఆ జీతంతోనే చదివించాను. ఆ పూట పెద్దమ్మ లేకపోతే తల వంచుకుని తిని లేచేదాన్ని. నా బతుకు ఆమె పెట్టిందే, ఎవరడిగినా అదే చెబుతాను.

మొదటి రోజు డ్యూటీ దిగి వస్తే గేటు బయట పెద్దమ్మ నిలబడి ఉంది, నన్ను విరూర్ తీసుకెళ్లడానికి. ముఖమంతా బొగ్గు దుమ్ము. నల్లా దగ్గర కడుక్కుంటానంటే ఆపింది.

"ఉండనియ్యి. గిట్లనే పోదాం."

ఊళ్లో దిగాక బజారు నడుమ నుంచి నన్ను నడిపించింది. నా మసి ఆమె కొంగుకు అంటుతున్నా చెయ్యి వదల్లేదు. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ ఒకటే చెప్పింది.

"మా బిడ్డ. డ్యూటీ చేసి అస్తున్నది."