బావ వైను, మా నాయన డ్రమ్ము

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టె పట్టుకుని దొడ్లో పేడనీళ్ల డ్రమ్ము కలియబెడతాండాను. డిగ్రీ చదివిన ఆడపిల్లకి ఇదేం పని అని నవ్వకండి. అంతా ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక్క సీసా వల్ల. సరే, సీసా వల్ల కాదులెండి, నా వల్లే.

మా బావ, అంటే అక్క మొగుడు, ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఆయన మేనేజరు ఫ్రాన్సు పోయొచ్చి రెడ్ వైన్ సీసా ఒకటి ఇచ్చి, ఆదివారం మీ అత్తగారి ఊర్లో జొన్నరొట్టె తింటూ తెరుద్దాం అన్నాడంట. బావకి అది ఉత్త భోజనం కాదు. ఫ్రాన్సులో ట్రైనింగుకి ఒక్కరినే పంపిస్తారు, ఆ పేరు రాసేది ఈ మేనేజరు సారే. అందుకని బావ వారం ముందు నుంచే ఫోన్లో వీడియోలు చూసి వైన్ పండితుడైపోయినాడు.

ఆదివారం పొద్దున్నే మా ఊరు హచ్చొళ్ళిలో దిగి మాకు క్లాసు మొదలుపెట్టినాడు. చాలా గొప్ప ఎస్టేటంట. మేలైన పీపాలన్నీ వాళ్ల పెద్ద వైనుకి పోతాయంట. లేత ద్రాక్షతీగల పండ్లతో చేసింది, పెద్దదానికి ఏరగా మిగిలింది, రెండో లేబులు వేసుకుని బయటికొస్తుందంట. ఈ సీసా అదేనంట. తోట అదే, చేతులు అవే. పేరొకటే తక్కువ.

"అర్థమైంది బావా," అన్నా. "అక్కకి మొదట చూసిన డాక్టరు సంబంధం తప్పిపోయి నువ్వొచ్చినావే, అట్ల."

అక్కకి తాగుతున్న నీళ్లు పొలమారినాయి. బావ విననట్టే సీసా తెరిచి, వైనంతా గాజు జగ్గులోకి వంపినాడు. అది కాసేపు ఊపిరి పీల్చుకోవాలంట. అప్పుడే వాసనలు విచ్చుకుంటాయంట. తడిమట్టి, పొగాకు, తోలు, ఆఖర్న కొంచెం పశువుల కొట్టం.

"కొట్టం వాసనకి ఫ్రాన్సు దాకా ఎందుకు బావా? మా దొడ్లో ఎద్దులు లేవా?"

"నీ నాలుకకి మాటలే తెలుసు మే, రుచి యాడ తెలుస్తాది," అన్నాడు.

నాకు తిక్క పుట్టింది.

బావ సార్‌కి ఎదురు పోవడానికి రోడ్డు మీదికి పోయినాడు. నేను వైనంతా స్టీలు చెంబులోకి పోసి, మూతపెట్టి, దొడ్డిగోడ మీద నీడలో దాచినా. జగ్గులో బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు నింపినా. వేపుడు కోసం అమ్మ ఉడికించినవే. నా ప్లాను చిన్నదే. ముందు ఇంటివాడు రుచి చూసినాకే అతిథికి పొయ్యాలని బావే చెప్పినాడు. గుక్క తాగంగానే ఆయన మొహం మాడుతుంది, అప్పుడు పరిగెత్తి అసలుది తెస్తా. సార్ గ్లాసు దాకా పోదు.

సార్ వచ్చి కూర్చున్నాడు. బావ గ్లాసు తిప్పినాడు, ముక్కు పెట్టినాడు, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగినాడు. నేను వాకిలి దగ్గర నవ్వు ఆపుకుంటాండా.

"మట్టి," అన్నాడు బావ, కళ్లు తెరవకుండానే. "మట్టి బాగా తెలుస్తాంది సార్."

అని సార్ గ్లాసు నిండా పోసేసినాడు.

నేను దొడ్లోకి ఒకటే పరుగు. గోడ మీద చెంబు బోర్లించి ఉండాది. పక్కన మా నాయన పంచె ఎగ్గట్టి, మిరపతోటకి పోసే జీవామృతం ఎరువు డ్రమ్ము కలియబెడతాండాడు. పేడ, శనగపిండి, ఆవు పంచితం అన్నీ పడినాయి.

"దీంట్లోకని మీ అమ్మ గోడ మీద పెట్టిన బెల్లంనీళ్లు ఈసారి భలే పులిసిండాయి మే," అన్నాడు సంబరంగా. "నురగ చూడు ఎట్ల వస్తాందో."

కాళ్లు ఈడ్చుకుంటూ లోపలికొచ్చినా. సార్ సగం తాగిన గ్లాసు కింద పెట్టి బావ వైపే చూస్తాండాడు. అప్పటికి బావకి కూడా ఏదో అనుమానం వచ్చినట్టుంది, మొహంలో రంగు లేదు. నేను నోరు మూసుకుంటే ట్రైనింగు పోతాది. తెరిస్తే నా పరువు పోతాది. నా పరువు ఎట్లాగూ రెండో లేబులుదే కదా అనుకుని తెరిచినా.

"సార్, బావ తప్పేం లేదు. అది బీట్‌రూట్ నీళ్లు. మీ వైను మా నాయన డ్రమ్ములో ఉండాది."

సార్ లేచి, కన్నడంలో "డ్రమ్ ఎల్లిదె?" అన్నాడు. డ్రమ్ము యాడుందో చూపించినా. అందరం ఆయన వెనకాలే దొడ్లోకి పోయినాం. ఆయన వంగి, కళ్లు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చినాడు.

"తోలు లేదు. పొగాకు లేదు," అన్నాడు. "కొట్టం మాత్రం చక్కగా వచ్చింది."

అని గోడ పట్టుకుని నవ్వుతానే ఉన్నాడు. పోయేముందు బావ భుజం తట్టి, "నీ పేరే రాస్తానప్పా. నువ్వు అక్కడికి పోయి నేర్చుకోకపోతే ఇంకెవరు నేర్చుకోవాలి," అన్నాడు.

డ్రమ్ములో పడిందేందో తెలిసినాక మా నాయన జీతగాణ్ణి కూడా దాని దగ్గరికి పోనివ్వడంలేదు. ఫ్రాన్సు సరుకంట. మిరపతోటకి పోసేదాకా కట్టె తిప్పేది నేనేనంట.

నిన్న సాయంత్రం బావ ఫోన్ చేసినాడు. "ఏం మే, ఊపిరి పీల్చుకుంటాందా?"

"అది బాగానే పీల్చుకుంటాంది బావా," అన్నా. "బిగబట్టుకుండేది నేనే."